కార్బన్ లెక్క మన గట్టు మీద తేలాలి

చిన్న వ్యాపారాలు కర్బన ఉద్గారాలను ఎలా తగ్గించుకోవాలి అనే ఉపన్యాసాలు ఈ మధ్య బాగా పెరిగాయి. బల్బులు మార్చండి, ఏసీని 24 దగ్గర పెట్టండి, కాగితం తక్కువ వాడండి, ఆఫీసుకు బస్సులో రండి అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఈ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న చిన్న వ్యాపారం ఏదని ఎవరూ అడగరు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో 14 కోట్ల 60 లక్షలకు పైగా కమతాలున్నాయి. వాటిలో 86 శాతం ఐదెకరాల లోపువే. ఒక బోరు, ఒక మోటారు, రెండు గేదెలు, కిరాయి ట్రాక్టరు. పెట్టుబడి పెడతాం, అప్పు తెస్తాం, సరుకు పండిస్తాం, అమ్ముతాం. ధర మాత్రం మన చేతిలో ఉండదు. ఆ ఒక్క తేడా తీసేస్తే ఇదీ వ్యాపారమే.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మన ఊళ్లలోకి కార్బన్ మనుషులు వస్తున్నారు. మా మండలంలో కిందటి యాసంగికి ఒక కంపెనీ తరఫున ఇద్దరు కుర్రాళ్లు ట్యాబ్‌లు పట్టుకుని వచ్చారు. వరిలో నీళ్లు ఆరబెట్టి కడితే చాలు, కార్బన్ డబ్బులు మీ ఖాతాలో పడతాయన్నారు. పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం ఫొటోలు తీసుకున్నారు. ఒప్పందం ఇంగ్లీషులో ఉంది, ఇరవై పేజీల పైనే. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించారు గానీ ఎన్నేళ్లకో చెప్పలేదు. ఎకరానికి ఎంత వస్తుందని అడిగితే "క్రెడిట్లు అమ్ముడయ్యాక తెలుస్తుంది" అన్నారు.

నీళ్లు ఆరబెట్టి కట్టడంతో నాకు పేచీ లేదు. అది మంచి పద్ధతి. అసలు మన చేలో పుట్టే కార్బన్ ఎంత, తగ్గించగలిగింది ఎంత, దానికి డబ్బెంత అన్నది తెలియకుండా సంతకం పెట్టడంతోనే నా పేచీ. అందుకని ముందు లెక్క చేద్దాం.

వరితో మొదలుపెడదాం. మడిలో నీళ్లు నిలిచి ఉన్నంతకాలం కింద మట్టికి గాలి ఆడదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు కుళ్లిన గడ్డిని, వేళ్లను తిని మీథేన్ వాయువు వదులుతాయి. గోబర్ గ్యాస్ తొట్టిలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుందని నూరేళ్ల కాలానికి లెక్క కడతారు. నిరంతరం నీళ్లు నిలిచిన హెక్టారు వరి రోజుకు దాదాపు 850 గ్రాముల మీథేన్ వదులుతుందని దక్షిణాసియాకు శాస్త్రవేత్తలు వాడే సగటు. నాటు వేసింది మొదలు నూరు రోజులు అనుకుంటే హెక్టారుకు 85 కిలోలు, ఎకరానికి 34 కిలోలు. దాన్ని 28తో హెచ్చిస్తే దాదాపు ఒక టన్ను. అంటే ఎకరం వరి ఒక పంటకు ఒక టన్ను అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక మోటారు. ఐదు హార్స్‌పవర్ మోటారు గంటకు నాలుగున్నర యూనిట్ల దాకా తాగుతుంది. రోజుకు ఏడు గంటలు ఆడితే ముప్పై యూనిట్ల పైన. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే కాబట్టి యూనిట్‌కు దాదాపు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. రోజుకు 22 కిలోలు, యాసంగి నూరు రోజులకు రెండు టన్నుల పైన. మూడెకరాల రైతుకు ఇది ఎకరానికి ముప్పావు టన్ను పడుతుంది. బిల్లు రాదు కాబట్టి ఈ లెక్క మన కంటికి కనిపించదు.

యూరియా సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. మొక్కజొన్న, మిర్చి, పత్తి లాంటి మెట్ట పంటల్లో వేసిన నత్రజనిలో నూటికి ఒక వంతు నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుందని మామూలు అంచనా. ఒక వంతే కదా అనిపిస్తుంది. కానీ ఆ వాయువు బొగ్గుపులుసు వాయువు కంటే 270 రెట్లు ఘాటైనది. యూరియా కరిగేటప్పుడు నేరుగా వచ్చే బొగ్గుపులుసు వాయువు కూడా కలిపితే చేలో ఒక్క బస్తాకు 120 కిలోల దాకా తేలుతుంది. ఫ్యాక్టరీలో సహజవాయువు కాల్చి యూరియా చేసేటప్పుడు వచ్చింది దీనికి అదనం. వరి మడిలో నీళ్లు నిలిచినప్పుడు ఈ శాతం ఇంకా తక్కువ.

ట్రాక్టరు, కోత మిషన్ల డీజిల్ లీటరుకు 2.7 కిలోలు. అది కూడా ఉంది కానీ, మొత్తంలో పెద్ద వాటా దానిది కాదు.

ఈ అంకెలు చూసి "చూశారా, భూమి వేడెక్కడానికి రైతే కారణం" అనే పెద్దమనుషులుంటారు. వాళ్లకు ఒక లెక్క చెప్పాలి. పట్నంలో ఒక మనిషి సొంత కారులో ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారైనా 800 లీటర్ల పెట్రోలు కాలుతుంది. అది 1.8 టన్నులు. ఒక్కడు కూర్చుని తిరిగిన కారు, రెండెకరాల వరి దాదాపు సమానం. ఆ రెండెకరాల్లో పండిన గింజ ఏడాది పొడుగునా పది మంది కడుపు నింపుతుంది. అమెరికాలో సగటు మనిషి వాటా ఏడాదికి 14 టన్నుల దాకా ఉంది. మనదేశంలో సగటు రెండు టన్నులే. ముందు ఎవరు తగ్గించాలన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. మన సంఘం ఈ మాట గట్టిగా అనాలి, అంటూనే ఉంది.

అంత మాత్రాన చేతులు కట్టుకు కూర్చోమని నేననను. ఎందుకంటే పైన చెప్పిన ప్రతి దుబారాకూ ఖర్చు కట్టేది మనమే. నీళ్లు, యూరియా, మోటారు రివైండింగు, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు దించడానికి, ఎక్కించడానికి మనం వేసుకునే చందా. కార్బన్ పేరు ఎత్తకుండానే వీటిని తగ్గించుకోవచ్చు.

నీళ్ల సంగతి. అడుగు పొడుగు పీవీసీ పైపు ముక్క, నాలుగు నుంచి ఆరంగుళాల వెడల్పుది తీసుకోండి. మట్టిలో దిగే భాగానికి చుట్టూ బెజ్జాలు వేసి, సగం నేలలో సగం పైన ఉండేలా మడిలో దించండి. లోపలి మట్టి తీసేయండి. పైన నీళ్లు ఇంకిపోయినా పైపులో నీళ్లు కనిపిస్తూనే ఉంటాయి. ఆ నీళ్లు నేల మట్టానికి అరడుగు కిందికి దిగినప్పుడు మళ్లీ కట్టాలి. అంతే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీన్ని ఏళ్ల తరబడి పరీక్షించింది. నీళ్లు 30 శాతం దాకా ఆదా అవుతాయి, మీథేన్ దాదాపు సగం తగ్గుతుంది, పద్ధతి ప్రకారం చేస్తే దిగుబడి తగ్గదు. నాటిన మొదటి రెండు వారాలు మాత్రం ఆరబెట్టకూడదు, కలుపు కమ్ముకుంటుంది. పొట్ట, పూత దశలో కూడా మడిలో నీళ్లు ఉండాల్సిందే, లేకపోతే తాలు పడుతుంది. నల్లరేగడిలో నేల నెర్రెలు బారేదాకా వదిలేస్తే తర్వాత పెట్టిన నీళ్లన్నీ నెర్రెల్లోకే పోతాయి కాబట్టి అక్కడ ఇంకాస్త ముందే కట్టుకోవాలి. చౌడు నేలల్లో ఈ పద్ధతి జోలికి పోవద్దు, ఉప్పు పైకి తేలుతుంది.

ఇది మనకు కొత్తా? 2003 ఖరీఫ్ నుంచి శ్రీ వరి పేరుతో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఊరూరా చెప్పింది ఇంచుమించు ఇదే. లేత నారు ఒక్కొక్క మొక్కగా నాటడానికి, వీడరు తిప్పడానికి కూలీలు దొరక్క ఆ పద్ధతి వెనకబడింది. దాంతోపాటు నీళ్ల పాఠం కూడా మరుగున పడింది. నిజానికి నారు ఎలా నాటినా, వెదజల్లినా, డ్రమ్ సీడరుతో వేసినా నీళ్ల పాఠం పనికొస్తుంది. సాగర్ ఆయకట్టులో నీళ్లు తక్కువైన ఏడు వారబందీ పెడతారు. అప్పుడు మనం చేసేది కూడా తడి, ఆరుడే. ప్రభుత్వం నీళ్లు బంద్ పెడితే అది కరువు, కంపెనీ చెబితే అది పర్యావరణ పరిరక్షణ!

బోరు కింద ఎవరి చేను వాళ్ల చేతిలో ఉంటుంది. కాలువ కింద అలా కాదు. డెల్టాలో నీళ్లు చేను మీదుగా చేనుకు పారతాయి. పై రైతు తడి పెడుతుంటే కింది రైతు ఆరబెట్టలేడు. పిల్ల కాలువలు బాగు చేసి, వంతుల ప్రకారం నీళ్లు వదిలితేనే అక్కడ ఇది సాధ్యం. కాబట్టి ఆయకట్టులో కార్బన్ తగ్గించే పని రైతు కంటే ముందు ఇరిగేషన్ శాఖ మొదలుపెట్టాలి. పూడిక తీయని కాలువలు, తలుపుల్లేని తూములు పెట్టుకుని రైతుకు నీటి పొదుపు పాఠాలు చెప్పడం సిగ్గుచేటు.

నీళ్లు తగ్గితే మోటారు గంటలూ తగ్గుతాయి. అక్కడే అసలు ఆదా. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చాక దానితోపాటే కెపాసిటరు, ఐఎస్‌ఐ మోటారు, ఘర్షణ లేని ఫుట్ వాల్వు, మంచి పైపు పెట్టుకోవాలన్న నిబంధనలూ వచ్చాయి. ఎంతమంది పెట్టుకున్నారో మనకు తెలుసు. కెపాసిటరు వల్ల మోటారు తాగే యూనిట్లు పెద్దగా తగ్గవు, ఆ మాట ముందే చెప్పాలి. లైన్లో వృథా, ట్రాన్స్‌ఫార్మరు మీద భారం తగ్గుతాయి, చివరి మోటారుకు కూడా వోల్టేజి నిలబడుతుంది. ఒకరు పెడితే లాభం లేదు, ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది వాళ్లంతా పెట్టాలి. 2018 జనవరిలో తెలంగాణలో 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే ప్రచారం చేసింది. రాత్రంతా మోటారు ఆడి, మడి నిండి, గట్టు తెగి, నీళ్లు డొంకలో పారుతుంటే అది ఎవరి లాభం? ఉచిత విద్యుత్తును ఎత్తేయాలని చూసేవాళ్లకు మనమే సాకు ఇచ్చినట్టు అవుతుంది. ఉచిత విద్యుత్తు మన హక్కు. దాన్ని నిలుపుకోవాలంటే దుబారాకు మనమే అడ్డుకట్ట వేయాలి.

సోలార్ పంపుల గురించి చాలామంది అడుగుతున్నారు. 2019లో వచ్చిన కుసుమ్ పథకంలో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం, మిగతా 40 శాతం రైతు అన్నది మూల సూత్రం. కరెంటు లైను లేక డీజిల్ ఇంజను నడుపుకునే గిరిజన రైతులకు ఇది నిజంగా మేలు. వాళ్ల వాటా కూడా ప్రభుత్వమే భరించాలని అడగాలి. ఉచిత కరెంటు ఉన్న రైతును 40 శాతం పెట్టుకుని సోలారుకు మారమనడం మాత్రం భారాన్ని మన నెత్తికెత్తడమే.

యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు కాబట్టి ఇంకొక బస్తా చల్లేద్దామనే అలవాటు ఉంది. దొరికినప్పుడు! క్యూలో చెప్పులు పెట్టి నిలబడాల్సిన ఏడు ఎలాగూ ఆ దుబారా ఉండదు. ఆకురంగు పట్టిక చూసి, ఆకు లేతబడినప్పుడే వేస్తే చాలా చేలల్లో ఒక తడవ మిగులుతుంది. నిండు నీళ్లలో యూరియా చల్లితే కొంత ఆవిరిగా, కొంత నీళ్లతో పోతుంది. నీళ్లు తీసేసి బురద పదునులో చల్లి, తర్వాత నీళ్లు కడితే నత్రజని నేలలోకి దిగుతుంది. పైపు పద్ధతిలో మడి ఆరినప్పుడే ఈ పని పెట్టుకోవచ్చు. ఒక జాగ్రత్త ఉంది. ఆరుతడి పెట్టి, యూరియా మాత్రం ఎప్పటిలాగే గుమ్మరిస్తే మీథేన్ తగ్గిన చోట నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది. రెండూ కలిపి చేయాల్సిన పనులు. ఈ రెండో సగం ట్యాబ్ కుర్రాళ్లు చెప్పలేదు.

కొయ్యకాళ్ల విషయం చెప్పి వేరే దానికి వెళతాను. మిషన్ కోతలు వచ్చాక గడ్డి తగలబెట్టడం మన దగ్గరా పెరిగింది. టన్ను గడ్డిలో ఐదు కిలోలకు పైగా నత్రజని ఉంటుంది, కాలిస్తే అదంతా పొగే. అలాగని నాటు ముందు రోజుల్లో పచ్చిగా దున్ని నీళ్లు పెడితే మీథేన్ రెట్టింపవుతుందని కూడా తెలుసుకోవాలి. నెల ముందే దున్నాలి, లేదా బేలరుతో కట్టలు కట్టించి పశువులకు ఉంచుకోవాలి. రెండు పంటల మధ్య ఇరవై రోజులు కూడా లేని చోట రైతు అగ్గిపెట్టె తీస్తున్నాడంటే కారణం అజ్ఞానం కాదు, వ్యవధి లేకపోవడం. అక్కడ బేలరు కిరాయి ప్రభుత్వం భరించాలి. జరిమానాలతో ఇది ఆగదు, పంజాబ్‌లో చూశాం.

ఇప్పుడు ఆ ఇరవై పేజీల కాగితం దగ్గరకు వద్దాం. ఎకరానికి ఒక టన్ను పుడుతోంది, ఆరుతడితో 45 శాతం తగ్గింది అనుకుందాం. అంటే ఎకరానికి 450 కిలోలు కూడా లేదు. టన్ను క్రెడిట్ ధర పది డాలర్లు అనుకుందాం. ఎకరానికి నాలుగు డాలర్ల చిల్లర, నాలుగు వందల రూపాయల లోపు. ఇది మొత్తం. ఇందులోంచి కొలిచేవాడికి, తనిఖీ చేసేవాడికి, ముద్ర వేసేవాడికి, అమ్మిపెట్టే కంపెనీకి పోగా మన చేతికి వచ్చేది ఎంత? నాటు కూలి ఒక్క రోజుకు సరిపోదు. ధర రెట్టింపైనా పరిస్థితి పెద్దగా మారదు. దీన్ని ఆదాయమని చెప్పి రైతును ఆశపెట్టడం మోసం. పైపు దించడం వల్ల వచ్చే నీటి ఆదా, మోటారు ఆదా ఏ సంతకం లేకుండానే మనవి.

రెండో మెలిక ఇంకొకటి. క్రెడిట్ రావాలంటే కొత్తగా తగ్గించినట్టు రుజువు కావాలి. ముందు నుంచే నీళ్లు పొదుపు చేస్తున్న రైతుకు, ఏళ్ల నుంచి ప్రకృతి సేద్యం చేస్తున్న రైతుకు ఈ లెక్కలో దక్కేది సున్నా. నిన్నటిదాకా దుబారా చేసినవాడికే డబ్బు. పైగా తేలకపోతే అసలుకే మోసం. ప్రపంచంలో ఇలాంటి క్రెడిట్లకు ముద్ర వేసే పెద్ద సంస్థ వెర్రా. అది 2024 ఆగస్టులో చైనాలోని 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది. అలాంటప్పుడు ఒప్పందం రాయించుకున్న కంపెనీ ఎక్కడుంటుంది, పొలంలో పైపులు దించుకున్న రైతు ఎక్కడుంటాడు?

మూడోది, కౌలు రైతు. పాసుపుస్తకం ఫొటో అడిగారంటే సంతకం భూస్వామిదే అవుతుంది. తెల్లారుజామున లేచి పైపులో నీళ్లు చూసేది కౌలు రైతు, డబ్బు పడేది హైదరాబాద్‌లో ఉన్న ఓనరు ఖాతాలో. ఉమ్మడి రాష్ట్రంలో 2011 చట్టం, ఆంధ్రలో 2019 సాగుదారు హక్కుల చట్టం ఉన్నా గుర్తింపు కార్డు అందిన కౌలు రైతులు ఎంతమందో మన మండలాల్లో చూస్తూనే ఉన్నాం. పంట నష్టపరిహారం, బ్యాంకు రుణం, ఇప్పుడు కార్బన్. మూడింటికీ ఒకటే కథ.

కేంద్ర వ్యవసాయ శాఖ 2024 జనవరిలో స్వచ్ఛంద కార్బన్ మార్కెట్ విధివిధానాలంటూ ఒక పత్రం విడుదల చేసింది. చిన్న రైతులను ఈ మార్కెట్లోకి తెస్తామంటోంది. తెచ్చేముందు కొన్ని షరతులు తేలాలి. ఒప్పందం తెలుగులో ఉండాలి. ఎన్నేళ్లకో, మధ్యలో మానుకుంటే ఏమవుతుందో, క్రెడిట్ అమ్మిన ధరలో రైతు వాటా ఎంతో మొదటి పేజీలోనే రాయాలి. సాగు చేసినవాడికే డబ్బు ముట్టాలి. వివాదం వస్తే మన జిల్లాలోనే తేలాలి, ముంబయిలోనో సింగపూర్‌లోనో కాదు. రైతు ఒక్కడుగా సంతకం పెట్టకుండా, సహకార సంఘమో రైతు ఉత్పత్తిదారుల సంఘమో బేరమాడే పద్ధతి ఉండాలి.

రైతు ఉత్పత్తిదారుల సంఘాల మాట వచ్చింది కాబట్టి, వాటి చేతిలో ఉన్న మిల్లులు, గోదాములు కూడా చిన్న వ్యాపారాలే. బాయిల్డ్ మిల్లు అయితే ఊకతోనే బాయిలరు నడుస్తుంది, అక్కడ బొగ్గు సమస్య లేదు. ధాన్యంలో ఐదో వంతు ఊకే, దానికి ధర కూడా ఉంది. మోటార్లు, బెల్టులు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడం, గోదాము కప్పు మీద సోలారు పలకలు వేసుకోవడం, కొన్న ధాన్యం ఖాళీ లారీలు తిరక్కుండా తరలించుకోవడం వాళ్లు చేయగలరు. అక్కడ కరెంటుకు బిల్లు వస్తుంది కాబట్టి సోలారు ఖర్చు కొన్నేళ్లలో తిరిగొస్తుంది. వర్జీనియా పొగాకు బ్యారన్ల కట్టెల సంగతి వేరే, దాని మీద ఆ ప్రాంతపు సభ్యులు విడిగా రాస్తే బాగుంటుంది.

ఈ యాసంగికి ప్రతి గ్రామ శాఖలో ఒక్క మడిలోనైనా పైపు దించి, ఎన్ని తడులు పెట్టారో, మోటారు ఎన్ని గంటలు ఆడిందో, ఎన్ని బస్తాలు పండాయో గోడ క్యాలెండరు మీద రాసి పెట్టండి. పక్క మడిలో మామూలు పద్ధతి ఉంచండి. రెండు మడుల లెక్క మన చేతిలో ఉంటే రేపు కంపెనీవాడితో గానీ, కలెక్టరుతో గానీ మాట్లాడటానికి అదే ఆధారం. ఇప్పటికే కార్బన్ కాగితాల మీద సంతకం పెట్టిన సభ్యులుంటే వాటి నకలు మండల కమిటీకి ఇవ్వండి. నకలు ఇవ్వలేదని చాలామంది అంటున్నారు. ఆ మనుషులు మళ్లీ వచ్చినప్పుడు ముందు నకలు ఇమ్మని అడగండి, ఆ తర్వాతే మడి చూపించండి.